జెనోవాలో ఎక్కే పని లిఫ్టుకు వదిలేయండి

గది బుక్ చేసినప్పుడు "స్టేషన్ నుంచి 400 మీటర్లు" అని ఉంది. నాలుగొందల మీటర్లకు ట్యాక్సీ ఎందుకు దండగ అనుకుని, మా ఆవిడా నేనూ చెరో సూట్‌కేసు లాక్కుంటూ బయల్దేరాం. మూడో మలుపు దగ్గర రోడ్డు అయిపోయి మెట్లు మొదలయ్యాయి. మెట్లంటే మెట్లూ కాదు, ఇటుకలూ గులకరాళ్లూ పరిచిన ఏటవాలు దారి, మధ్య మధ్యలో ఒక గట్టు. సూట్‌కేసు చక్రం రెండు రాళ్ల మధ్య ఇరుక్కుని ఊడి చేతికొచ్చింది. వెనకాల కూరగాయల సంచీతో వస్తున్న ఒక పెద్దావిడ మమ్మల్నీ, చక్రాన్నీ చూసి, ఏమీ అనకుండా పక్క సందులోకి వేలు చూపించింది. అక్కడ లిఫ్టు ఉంది. ఏదో అపార్ట్‌మెంట్ లిఫ్టు కాదు, సిటీ బస్సులాగా అందరూ ఎక్కే ఊరి లిఫ్టు.

జెనోవా తిరగడానికి కిటుకు ఆవిడ చూపించిన ఆ వేలే. ఎక్కడం యంత్రానికి వదిలేయాలి, దిగేటప్పుడు మాత్రం కాళ్లకు పని చెప్పాలి. కింద రాసిందంతా ఆ లెక్క ప్రకారమే. మిలాన్‌లోనో తురిన్‌లోనో చదువుకుంటున్న పిల్లల్ని చూడటానికి వచ్చి, రైల్లో రెండు గంటల దూరమే కదా అని ఇటు దిగే అమ్మానాన్నలకు ఇది మరీ అవసరం.

ముందు ఊరి వాటం అర్థం చేసుకోండి

జెనోవా ఇటలీ వాయవ్య తీరంలో ఉంది. ఒక పక్క సముద్రం, రెండో పక్క వెంటనే కొండలు. మధ్యలో చదును నేల దోసిలంత. అందుకే ఊరు తీరం వెంట దాదాపు ముప్పై కిలోమీటర్లు పొడుగ్గా సాగింది, చాలనిది కొండ మీదకు ఎక్కింది. కొండ వాలు మీద కొన్ని ఇళ్లకు వీధి గుమ్మం పై అంతస్తులో ఉంటుంది. రోడ్డు నుంచి చిన్న వంతెన దాటి మేడ మీదకు వెళ్లి, అక్కణ్నుంచి కిందికి దిగితే వాళ్ల ఇల్లు.

ఫోన్‌లో మ్యాపు ఇదంతా చదునుగా చూపిస్తుంది. అది చెప్పే దూరం నిజమే కానీ, ఎత్తు ఎంతో చెప్పదు. మీరు మాత్రం పేర్లు చూసి పసిగట్టవచ్చు. వీధి పేరు "సలీత" అని మొదలైతే అది ఎక్కుడు దారి, ఆ మాటకు అర్థమే అది. "వీకో" అంటే సందు. "వియా" మామూలు వీధి, "కోర్సో" వెడల్పాటి రోడ్డు. పాతబస్తీ ఇరుకు సందులన్నిటినీ కలిపి అక్కడివాళ్లు "కరుజ్జి" అంటారు. కొండ మీంచి సముద్రం వైపు గోడల మధ్య దిగే పాత కాలిబాట "క్రోజా". ఈ ఆరు మాటలూ వస్తే సగం ఊరు వచ్చినట్టే. మ్యాపులో మెలికలు తిరిగే కారు రోడ్డును ఒక సన్నని గీత అడ్డంగా కోస్తూ పోతుంటే, ఆ గీత మెట్లదారి అని ఖాయం చేసుకోండి.

గది విషయం ఇక్కడే చెప్పేస్తాను. ప్రిన్చిపె స్టేషన్‌కో బ్రిన్యోలె స్టేషన్‌కో దగ్గర్లో, వీధి పేరులో సలీత లేని చోట తీసుకోండి. పాతబస్తీ మధ్యలో గది ముచ్చటగానే ఉంటుంది కానీ పాత భవనాల్లో చాలావాటికి లిఫ్టు ఉండదు. "నాలుగో అంతస్తు" అని ఉంటే డబ్బు కట్టకముందే లిఫ్టు సంగతి అడగండి.

ఏ నెలలో, ఏ చెప్పులతో

ఏప్రిల్, మే నెలలు, లేదంటే సెప్టెంబరు. జులై, ఆగస్టుల్లో ఎండ, ఉక్కపోత రెండూ ఉంటాయి. మన కోస్తా వాళ్లకు అది కొత్త కాదు గానీ, ఎక్కుడు దిగుడుతో కలిస్తే మనకూ కష్టమే. అక్టోబరు, నవంబరు నెలల్లో వాన కుమ్మేస్తుంది. 2011 నవంబరులోనూ 2014 అక్టోబరులోనూ ఈ ఊరు వరదల్లో చిక్కుకుంది. కొండల మీద పడ్డ నీళ్లన్నీ చిన్న చిన్న వాగుల్లోంచి ఒక్కసారిగా ఊరి మీదకు వస్తాయి. వాతావరణ హెచ్చరిక ఎరుపు రంగులో ఉన్న రోజు గదిలోనే కూర్చోండి.

చెప్పులొద్దు, బూట్లు కావాలి. అడుగు బాగా పట్టు ఉన్నవి, ఇంతకుముందు తొడిగి మెత్తబడినవి. కొత్త బూట్లతో వచ్చి మొదటి రోజే మడమ ఒరుసుకుపోయినవాళ్లలో నేనూ ఒకణ్ని. వీపుకు తగిలించుకునే చిన్న సంచీ, అందులో ఒక నీళ్ల సీసా. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, ఎందుకంటే దిగేటప్పుడు గోడ పట్టుకోవాల్సి వస్తుంది.

మొదటి రోజు పొద్దున: రైలుపెట్టెలో కొండెక్కండి

ప్రిన్చిపె స్టేషన్ బయట కొలంబస్ విగ్రహం ఉంటుంది. దానికి ఒక దండం పెట్టి వియా బాల్బి వెంట కిందికి నడవండి. పది, పదిహేను నిమిషాల్లో లార్గో దెల్లా జెక్కా వస్తుంది. అక్కడ రీగి కొండకు వెళ్లే ఫునికొలారె ఉంది. తాడుతో లాగే రైలుపెట్టె అన్నమాట. 19వ శతాబ్దం చివర్లో మొదలైంది, ఇప్పటికీ జనం రోజూ ఇళ్లకు వెళ్లడానికి దాన్నే ఎక్కుతారు. టికెట్ నియమాలు అప్పుడప్పుడు మారుస్తుంటారు కాబట్టి ఎక్కేముందు స్టేషన్ గోడ మీది బోర్డు చూడండి. కాగితం టికెట్ కొంటే మిషన్‌లో ముద్ర వేయించుకోవడం తప్పనిసరి. ముద్ర లేని టికెట్ చేతిలో ఉన్నా లేనట్టే, జరిమానా పడుతుంది.

పెట్టె ముందు సొరంగంలోకి వెళ్తుంది. చీకట్లోంచి బయటపడేసరికి రెండు పక్కలా ఇళ్ల పెరళ్లు, నిమ్మచెట్లు, ఆరేసిన దుప్పట్లు. సగం దారిలో ఎదురుగా రెండో పెట్టె వచ్చి పక్కనుంచి తప్పుకుంటుంది. ఒకటి దిగుతుంటే ఇంకొకటి ఎక్కుతుంది, బావి గిలకకు రెండు చేదలు కట్టినట్టు. పైన రీగి దాదాపు 300 మీటర్ల ఎత్తు. అక్కడ నిలబడితే రేవు మొత్తం, నౌకలు, క్రేన్లు, దూరంగా దీపస్తంభం, అన్నీ ఒక్క చూపులో కనబడతాయి. ఊరు ఎటు వంగిందో, పాతబస్తీ ఎక్కడుందో ఇక్కడే చూసి పెట్టుకోండి. తర్వాత సందుల్లో తప్పిపోయినప్పుడు పనికొస్తుంది.

కోటలంటే ఇష్టం ఉన్నవాళ్లు ఇక్కణ్నుంచి 17వ శతాబ్దపు గోడ వెంట ఇంకా పైకి, స్పెరోనె కోట దాకా నడవవచ్చు. దానికీ అవతల 667 మీటర్ల ఎత్తులో దియమాంతె కోట ఉంది గానీ, దానికి ఒక పూట విడిగా పెట్టుకోండి. మొదటి రోజు అటు వెళ్తే సాయంత్రానికి కాళ్లు మిగలవు.

దిగడం నేర్చుకోండి

ఇప్పుడు కాళ్ల పని. రీగి నుంచి మొత్తం నడిచి దిగక్కర్లేదు. అదే పెట్టెలో కిందికి వస్తూ మధ్యలో మదొన్నెత్తా స్టాపులో దిగండి. అదే పేరుతో ఉన్న చర్చి పక్కనుంచి సలీత దెల్లా మదొన్నెత్తా కిందికి పోతుంది. క్రోజా అంటే ఏమిటో చూడాలంటే ఈ దారి చాలు. నడుమ ఎర్ర ఇటుకల పట్టీ, దానికి రెండు పక్కలా గులకరాళ్లు, ఆ పక్కన మనిషెత్తు గోడలు. గోడల వెనక తోటలు కనబడవు, కొమ్మలు మాత్రం పైనుంచి తొంగిచూస్తాయి. ఇటుకల మీద నడవండి, రాళ్ల మీద వద్దు. ఆ రాళ్లు వందల ఏళ్ల పాదాలకు అరిగి సబ్బుబిళ్లల్లా ఉన్నాయి.

మరీ వాలుగా ఉన్నచోట నిటారుగా దిగకుండా కాస్త ఏటవాలుగా, అటొక అడుగు ఇటొక అడుగు వేస్తూ దిగండి. అడుగులు చిన్నవి వేయండి. అలిపిరి మెట్లు ఎక్కినవాళ్లకు తెలుసు, ఎక్కేటప్పుడు ఆయాసం, దిగేటప్పుడు మోకాళ్లు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు నేను మొదట చెప్పిన సూత్రం సగమే వర్తిస్తుంది: ఎక్కడమూ దిగడమూ రెండూ యంత్రంలోనే, నడక మాత్రం అడ్డంగా. దానికీ వీలుంది. కొండ నడుం చుట్టూ 19వ శతాబ్దంలో వేసిన రోడ్డు ఒకటుంది. పేర్లు మారుతుంటాయి గానీ అది దాదాపు ఒకే ఎత్తులో పోతుంది. శాన్ నికొలా స్టాపులో దిగి కోర్సో ఫిరెంజె, ఆ తర్వాత కోర్సో పగనీని పట్టుకుంటే పెద్దగా ఎత్తుపల్లాలు లేకుండా కాస్తెల్లెత్తో తిన్నె దాకా వెళ్లిపోవచ్చు. మదొన్నెత్తా నుంచి దిగినవాళ్లూ ఇదే రోడ్డు ఎక్కాలి.

కాస్తెల్లెత్తో దగ్గర కాసేపు కూర్చోండి. రీగి మీంచి చూస్తే ఊరు పటంలా ఉంటుంది, ఇక్కణ్నుంచి చూస్తే బూడిదరంగు పలకరాయి కప్పులు చెయ్యి చాస్తే అందేట్టుంటాయి. ఎవరో డాబా మీద మొక్కలకు నీళ్లు పోస్తుంటారు. కిందికి పోవడానికి 1909 నాటి లిఫ్టు ఉంది. గాజుకిటికీల గది లాంటి పై స్టేషన్లోంచి దిగి, టైల్స్ అతికించిన పొడవాటి సొరంగం గుండా పియాత్సా పొర్తెల్లో అనే కూడలికి వస్తారు. కాళ్లు బాగున్నా సరే, దీన్ని ఒక్కసారైనా ఎక్కండి.

లిఫ్టుల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. వియా బాల్బి దగ్గర్నుంచి ద'అల్బెర్తిస్ మేడకు వెళ్లే లిఫ్టు పెట్టె ముందు సొరంగంలో రెండొందల మీటర్లకు పైగా రైలులాగా అడ్డంగా పోతుంది, తర్వాత ఆగి, లిఫ్టులాగా నిలువునా లేస్తుంది. పిల్లలు వెంట ఉంటే మ్యూజియాలన్నీ మానేసి దీన్నే నాలుగుసార్లు ఎక్కించమంటారు.

విడిది ఇళ్ల వీధి

పొర్తెల్లో నుంచి రెండడుగుల్లో వియా గరిబాల్ది. కార్లు రావు, చదునుగా ఉంటుంది, రెండు పక్కలా భవనాలే. ఎక్కువ భాగం 16వ శతాబ్దంలో ఇక్కడి బ్యాంకర్లు, వర్తకులు కట్టుకున్నవి. జెనోవా రిపబ్లిక్‌కు రాజు లేడు కాబట్టి బయటినుంచి రాజులో రాయబారులో వస్తే దింపడానికి రాజభవనమూ లేదు. 1576 నుంచి వాళ్లు ఒక ఏర్పాటు చేసుకున్నారు. పెద్దిళ్ల జాబితాలు రాసి, అతిథి హోదాను బట్టి ఏ జాబితా అన్నది తేల్చి, అందులోంచి చీటీ తీసేవారు. ఎవరి పేరు వస్తే వాళ్లిల్లే విడిది. ఖర్చు ఇంటాయనదే. ఆ జాబితాల పేరు "రొల్లి". అలాంటి భవనాల్లో 42 ఇళ్లను 2006లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది.

టైము తక్కువుంటే ఈ వీధిలోని మూడు మ్యూజియాల టికెట్టు కొని కంగారు పడకండి, ఒక్క దోరియా తుర్సి భవనం గుమ్మంలోకి వెళ్లి నిలబడండి. ఇప్పుడది నగరపాలక భవనం. గుమ్మం దాటగానే మెట్లు, మెట్లెక్కితే నడిమింట్లో వాకిలి, దాని వెనక మళ్లీ మెట్లు, ఆ పైన తోట. కొండను తవ్వి చదును చేయకుండా, కొండ ఎలా లేస్తే ఇల్లూ అలాగే లేచింది. వయొలిన్ విద్వాంసుడు పగనీని వాయించిన వయొలిన్, 1743లో గ్వార్నేరి అనే పనివాడు చేసింది, ఇక్కడే భద్రపరిచారు. దాని పేరు "కన్నోనె", అంటే ఫిరంగి. ఎదురు వరసలోని పలాత్సో రొస్సో భవనం పైకప్పు మీదకు వెళ్లనిస్తారు, దానికైతే టికెట్టు కొనవచ్చు.

సందుల్లో తప్పిపోవడం ఎలా

వియా గరిబాల్ది నుంచి సముద్రం వైపు ఏ సందులోకి దిగినా కరుజ్జి మొదలవుతుంది. రెండు చేతులు చాస్తే రెండు గోడలూ తగిలే సందులు ఉన్నాయి. పైన ఆరేడు అంతస్తులు, వాటి మధ్య దారమంత ఆకాశం. జీపీఎస్ చుక్క ఇక్కడ పిచ్చెక్కినట్టు గెంతుతుంది, ఫోన్ జేబులో పెట్టేయండి. పల్లం వైపు నడుస్తూ పోతే రేవు వస్తుంది, ఎత్తు వైపు పోతే వియా గరిబాల్ది. అది తెలిస్తే టెన్షన్ లేదు.

గుర్తులకు మూలమూలనా గోడ గూళ్లలో ఉండే మేరీమాత బొమ్మల్ని వాడుకోండి. ఏ రెండూ ఒకేలా ఉండవు. కొన్ని గుమ్మాల మీద నల్ల పలకరాయిలో చెక్కిన శిల్పాలుంటాయి, ఎక్కువగా డ్రాగన్‌ను పొడుస్తున్న సెయింట్ జార్జ్. ఇక కిటికీల్ని నమ్మకండి. గోడ మీద తలుపులు, చెక్కడాలు, నీడలతో సహా కిటికీ గీసేయడం ఈ ప్రాంతం వాళ్లకు పాత అలవాటు.

అడ్రసు వెతికేటప్పుడు ఒక తికమక ఉంది. జెనోవాలో ఒకే వీధిలో రెండు వరసల నంబర్లు ఉంటాయి. నల్ల నంబరు ఇళ్లకు, ఎర్ర నంబరు దుకాణాలకు. అంటే నల్ల 30, ఎర్ర 30 ఒకదానికొకటి చాలా దూరంలో ఉండవచ్చు. అడ్రసులో నంబరు పక్కన "ఆర్" అనే అక్షరం ఉంటే అది "రొస్సో", ఎర్ర నంబరు. ఇది తెలియక మేము ఒక హోటల్ కోసం ఎవరి ఇంటి గంటో కొట్టాం. పైనుంచి ఒకాయన తల బయటపెట్టి, విసుక్కోకుండానే, ఎరుపు, ఎరుపు అని రెండుసార్లు అరిచి కిటికీ వేసేసుకున్నాడు.

పగలు ఈ సందుల్లో భయమేం లేదు, పర్సు మాత్రం ముందు జేబులో పెట్టుకోండి. మదలేనా చర్చి చుట్టుపక్కల, స్టేషన్ వైపు వియా ప్రే దగ్గర కొన్ని సందుల్లో పగలే పడుపు వ్యాపారం కనబడుతుంది. పిల్లలతో ఉంటే పక్క వీధి పట్టుకోండి. చీకటి పడ్డాక మనుషులు లేని సందుల్లోకి వెళ్లకండి.

సందుల చివర శాన్ లొరెంజొ కెతీడ్రల్, నలుపు తెలుపు రాళ్ల చారలతో. లోపల కుడి పక్క ఒక ఫిరంగి గుండు నిలబెట్టి ఉంటుంది. 1941 ఫిబ్రవరి 9న బ్రిటిష్ నౌకలు ఊరి మీద గుండ్లు కురిపించినప్పుడు ఒకటి గోడ చీల్చుకుని లోపల పడి పేలలేదు. అక్కడికి కొద్ది దూరంలో పియాత్సా దె ఫెర్రారి ఫౌంటెన్, పాత కోట వాకిలి, దాని పక్కన కొలంబస్ ఇల్లు. ఆ ఇల్లు తర్వాత మళ్లీ కట్టినది. బయటినుంచి చూసి ముందుకు పదండి.

రేవు దగ్గర మోటుపల్లి

పల్లానికి దిగి దిగి చివరికి రేవు. సందులకూ నీళ్లకూ మధ్య ఎత్తు మీద ఒక కార్ల రోడ్డు అడ్డంగా పోతుంది, దాని కింద నుంచి దాటాలి. దాటకముందే ఎడంగా రంగు రంగుల బొమ్మలు వేసిన పెద్ద భవనం కనబడుతుంది. పలాత్సో శాన్ జోర్జొ, 1260లో కట్టారు. తర్వాత బ్యాంకు అయింది, ఇప్పుడు రేవు కార్యాలయం.

చాలామంది ఒక ఫొటో తీసుకుని అక్వేరియం వైపు పోతారు. మనవాళ్లు మాత్రం ఆగాలి. జెనోవా, వెనిస్‌ల మధ్య యుద్ధంలో పట్టుబడ్డ మార్కో పోలో ఈ ఊళ్లో ఖైదీగా ఉన్నాడు. ఈ భవనంలోనే ఉంచారని చెప్పుకుంటారు. 1298లో ఇక్కడ తోటి ఖైదీ, పీసావాడు రుస్తికెల్లోకు తన ప్రయాణాలు చెప్పి రాయించాడు. అందులో "ముత్ఫిలి" అనే రాజ్యం వస్తుంది. అంటే మన చీరాల దగ్గరి మోటుపల్లి, కాకతీయుల రేవు. అక్కడి వజ్రాల గురించీ, సాలెగూడంత పలచని బట్ట గురించీ, న్యాయంగా పాలించిన రాణి గురించీ అతను చెప్పాడు. ఆ రాణి రుద్రమదేవేనని చరిత్రకారులు అంటారు. విదేశీ వర్తకులకు అభయమిస్తూ ఆమె తండ్రి గణపతిదేవుడు వేయించిన శాసనం మోటుపల్లిలో ఇప్పటికీ ఉంది. ఇక్కడ రేవు నిండా నౌకలు, అక్కడేమో ఇసుక, ఒక పాత గుడి.

పాత రేవును 1992లో, కొలంబస్ ప్రయాణానికి 500 ఏళ్లు నిండిన సందర్భంలో, ఈ ఊరివాడే అయిన ఆర్కిటెక్ట్ రెంజొ పియానో తీర్చిదిద్దాడు. అక్వేరియం అప్పటిదే. పడమటి పక్క లాంతెర్నా దీపస్తంభం 77 మీటర్ల ఎత్తు, ఇప్పటి రూపం 1543 నాటిది. 172 మెట్లెక్కితే మొదటి వసారా దాకా వెళ్లవచ్చు. ఇక్కడ మాత్రం లిఫ్టు లేదు.

ఏం తినాలి, ఎప్పుడు తినాలి

పొద్దున బేకరీలో ఫొకాచ్చా కొనండి. ఆలివ్ నూనె కారుతూ, వేళ్లతో నొక్కిన గుంటల్లో ఉప్పు రవ్వలతో ఉంటుంది. ముక్కలు కోసి తూకం లెక్కన ఇస్తారు. అక్కడివాళ్లు దాన్ని కాపుచీనోలో ముంచుకుని తింటారు, నవ్వకండి, మనం బన్ను టీలో ముంచమా?

శాకాహారులకు అసలు వరం ఫరినాతా. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. మంచమంత రాగి పళ్లెంలో పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. మన శనగపిండి అట్టుకు పెద్దన్న. పైన కరకర, లోపల మెత్తగా. మిరియాల పొడి జల్లుకుంటే సరిపోతుంది, జీలకర్ర కారం గుర్తొచ్చినా తమాయించుకోండి. తులసి జాతి ఆకుతో చేసే పెస్తో పచ్చడి పుట్టిల్లు ఇదే. అందులో చీజ్ తప్పకుండా ఉంటుంది. మాంసం, చేపలు వద్దనుకుంటే "సెంత్సా కార్నె, సెంత్సా పెషె" అని చెప్పండి. తినేవాళ్లు రేవు ఎదుటి సొత్తోరీపా వసారాల కింద వేయించిన చేపల పొట్లం కొనుక్కోవచ్చు.

మధ్యాహ్నం మూడు దాటాక చాలా వంటశాలలు మూసేస్తారు, రాత్రి ఏడున్నర దాకా తెరవరు. నడుస్తూ నడుస్తూ నాలుగింటికి ఆకలేస్తే బేకరీయే గతి. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే చవక, కూర్చుంటే బిల్లు వేరుగా ఉండవచ్చు.

రెండో రోజు: కాళ్లకు సెలవు

మొదటి రోజు తర్వాత పిక్కలు పట్టేస్తాయి, అందుకే రెండో రోజు చదును దారులు పెట్టుకోండి. తూర్పున ఫోచె నుంచి కోర్సో ఇతాలియా సముద్రం వెంటే రెండున్నర కిలోమీటర్లు పోయి బొక్కదాస్సె అనే పాత జాలరిపేటలో ఆగుతుంది. గులకరాళ్ల ఒడ్డు, దాని మీదకు లాగి పెట్టిన పడవలు, గులాబీ, పసుపు రంగుల ఇళ్లు. ఆదివారం సాయంత్రం ఊరంతా అక్కడే ఉంటుంది.

జనం వద్దనుకుంటే లోకల్ రైలెక్కి నెర్వి వెళ్లండి. స్టేషన్ వెనకనుంచే అనితా గరిబాల్ది పేరుతో రెండు కిలోమీటర్ల కాలిబాట, ఒక పక్క రాళ్ల మీద విరిగే కెరటాలు, రెండో పక్క రైలు పట్టాలు. తిరిగొచ్చేటప్పుడు ప్లాట్‌ఫామ్ మీద చిన్న మిషన్ కోసం చూడండి, కాగితం టికెట్ అయితే ఇక్కడా ముద్ర వేయించుకోవాలి.